పాతబస్తీలో చర్మవైద్యం

చర్మం, వెంట్రుకలు, గోళ్ళు, నోట్లోనూ జననాంగాల దగ్గరా ఉండే పలుచని పొరలు: వీటికి వచ్చే జబ్బుల్ని గుర్తించి నయం చేసే వైద్యశాఖ చర్మవైద్యం. మన దేశంలో సుఖవ్యాధులూ కుష్ఠూ కూడా దీని కిందికే వస్తాయి. అందుకే ఈ చదువుకు ఎండీ డీవీఎల్ అని పేరు. చివరి మూడక్షరాలు చర్మానికి, సుఖవ్యాధులకు, కుష్ఠుకు గుర్తు. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ళు చదివితే ఎండీ, రెండేళ్ళు చదివితే డీడీవీఎల్ డిప్లొమా. జనం నోట మాత్రం అందరూ ‘స్కిన్ డాక్టర్లే’.

హైదరాబాదు పాతబస్తీలో ఈ డాక్టరు గది చేరేసరికి జబ్బు చాలా చేతులు మారి ఉంటుంది. మొదట ఇంట్లో నానమ్మ నూరిన పసుపూ వేపాకూ. తర్వాత గల్లీ చివర మెడికల్ షాపు ట్యూబు. అది పనిచెయ్యకపోతే చుట్టాలు చెప్పిన హకీం సాబ్ ఇచ్చే మాజూను. ఇంట్లో పెళ్ళి దగ్గరపడితే పార్లరువాళ్ళ క్రీము. ఇన్ని పూతలు పడ్డాక మచ్చ తన అసలు ముఖం పోగొట్టుకుంటుంది. అందుకే ఇక్కడి స్కిన్ డాక్టరు “ఏం తక్లీఫ్?” అన్న వెంటనే అడిగేది “ఏం రాసిండ్రు?” అనే. ఉర్దూ మాట్లాడేవాళ్ళనైతే “క్యా లగాయే?” అంటారు. “ఏమీ రాయలే” అనే జవాబు చాలాసార్లు నిజం కాదు. ట్యూబును మందుల్లో లెక్కవేసే అలవాటు మనకు లేదు మరి.

చూపే పరీక్ష

పెద్దవాళ్ళ ఒంటి మీది చర్మాన్ని పరిస్తే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు ఉంటుంది. పైపొర అడుగున పుట్టిన కణం పైకి జరుగుతూ వచ్చి, ఎండి, రాలిపోవడానికి నెలా నెలన్నర పడుతుంది. లోపలి అవయవాల జబ్బును స్కానుల్లోనూ రక్తపరీక్షల్లోనూ వెతకాలి. ఈ అవయవం మాత్రం ఎదురుగానే ఉంటుంది. చర్మవైద్యుడి విద్యంతా దాన్ని చదవడంలో ఉంది.

మచ్చ ఎలా ఉందన్నదానితో పాటు ఎక్కడుందన్నది కూడా డాక్టరుకు ముఖ్యం. అంచున ఎర్రగా, పొలుసులుగా ఉండి, నడుమ తేరుకుంటూ చక్రంలా పెరిగితే తామర. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులు వచ్చి రాత్రిపూట దురద ఎక్కువైతే గజ్జి. మోచేతులు, మోకాళ్ళు, తల మీద వెండిపొట్టులాంటి పొలుసులు లేస్తే సోరియాసిస్. ఛాతీకో నడుముకో ఒకే పక్కన, మంటతో, పట్టీలా నీటిపొక్కులు లేస్తే అక్కి. వీపు మీదా మెడ మీదా పిండి చల్లినట్టు లేతమచ్చలుంటే సిబ్బెం.

తర్వాత ప్రశ్నలు. “ఎన్నొద్దులైంది? ఇంట్ల ఇంకెవలకన్న ఉందా? ఏం పని చేస్తవ్?” రెండో ప్రశ్న ఒక్కటే సగం గజ్జి కేసుల్ని బయట పెడుతుంది.

పనిముట్లు తక్కువే. పదిరెట్లు పెద్దదిగా చూపే డెర్మోస్కోపు ఒకటి. పొలుసును గీకి గాజుపలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే బూజు పోగులు నిమిషాల్లో కనిపిస్తాయి. వుడ్స్ ల్యాంపు అనే అతినీలలోహిత దీపం కింద బొల్లిమచ్చ సున్నం కొట్టినట్టు మెరుస్తుంది. సందేహం తీరకపోతే మత్తుసూది ఇచ్చి, మూడు నాలుగు మిల్లీమీటర్ల చర్మం తీసి బయాప్సీకి పంపుతారు. ఏ వస్తువు పడటం లేదో తెలియాలంటే అనుమానమున్న పదార్థాలను వీపు మీద పట్టీలతో అంటించి 48 గంటల తర్వాత విప్పి చూస్తారు. 1895లో యాడసోన్ మొదలుపెట్టిన ఈ ప్యాచ్ టెస్టు పద్ధతి పెద్దగా మారకుండా నేటికీ నడుస్తోంది.

చర్మం లోపలి సంగతులు కూడా చెబుతుంది. పిల్లవాడి మెడ వెనక మట్టి పేరుకున్నట్టు నల్లగా, మందంగా కనిపిస్తే “సరిగ్గ రుద్దుకోవు” అని తల్లి తిడుతుంది. అది రుద్దితే పోయే మట్టి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. ఆ మెడను చూసిన డాక్టరు క్రీము రాయడానికి ముందు బరువూ చక్కెరా చూస్తారు.

ట్యూబు

పాతబస్తీ చర్మజబ్బుల్లో తామరదే పెద్దపీట. ఉక్కపోత, ఇరుకు ఇళ్ళు, ఒకే తువ్వాలు నలుగురు వాడటం, ఒంటికి అంటుకునే జీన్సు, గాలాడని సింథటిక్ బట్ట అన్నీ దానికి కలిసొచ్చేవే. మొలతాడు కింద చెమట నిలిచేచోటు దానికి సొంతిల్లు. తామర కొత్త జబ్బేమీ కాదు. అయితే గత పదేళ్ళకు పైగా దేశమంతటా అది ముదిరి, మొండిదై తిరుగుతోంది. ఇండియా, నేపాల్ రోగుల నుంచి వేరుచేసిన ఒక బూజుకు 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. తామరకు ఎన్నో ఏళ్ళుగా నమ్ముకున్న టెర్బినఫిన్‌కు అది తరచు లొంగదు. ఆ పేరులో మన దేశం ఉండటం గర్వపడాల్సిన సంగతేమీ కాదు.

ఇంత మొండిది కావడానికి కారణాలు చాలా ఉన్నా, చర్మవైద్యులందరూ వేలు చూపేది మిశ్రమ ట్యూబుల వైపే. బూజుమందు ఒకటి, సూక్ష్మజీవుల మందు ఒకటి, వాటితో పాటు క్లోబెటసాల్‌లాంటి బలమైన స్టెరాయిడ్ ఒకటి, అన్నీ ఒకే ట్యూబులో ఉంటాయి. రాసిన రెండు రోజుల్లో దురద పోతుంది. ఎరుపు తగ్గుతుంది. షాపతనికి మంచిపేరు వస్తుంది. అయితే ఆ ఉపశమనం బూజు చచ్చినందువల్ల వచ్చింది కాదు. దాని మీద పోరాడే శరీరపు మంటను స్టెరాయిడ్ చల్లార్చడం వల్ల వచ్చింది. కాపలావాణ్ణి నిద్రపుచ్చితే ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది కదా. ట్యూబు ఆపగానే దురద రెట్టింపవుతుంది, ఇంకో ట్యూబు వస్తుంది. కొన్ని నెలలకు చక్రం ఆకారం చెరిగిపోతుంది, లేదా చక్రంలో చక్రం పుడుతుంది. తొడసందుల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు తర్వాత తామర తగ్గినా పోవు.

ముఖం సంగతి ఇంకా కష్టం. మొటిమలకో, మంగుకో, తెల్లబడాలనో స్టెరాయిడ్ క్రీము రాసేవాళ్ళు పాతబస్తీలోనే కాదు, ఊరూరా ఉన్నారు. మొదటి వారం ముఖం నిగనిగలాడుతుంది. కొన్ని నెలలు గడిచాక చర్మం ఎర్రబడి, ఎండలోకి వెళ్తే మండి, సన్నని రక్తనాళాలు పైకి కనిపించి, మొటిమలూ నూగూ లేస్తాయి. మానేస్తే మంట భరించలేనంత అవుతుంది. కాబట్టి మానలేరు. క్రీముకు ముఖం అలవాటు పడిపోయిందని జనం అనే మాట అక్షరాలా నిజమే. ఈ అవస్థను బయటికి తీసుకురావడానికి భారత చర్మవైద్యుల సంఘం ప్రత్యేక బృందాన్నే పెట్టింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. కాగితం మీద నిబంధన గట్టిదే. పది రూపాయలు తక్కువగా దొరికే ట్యూబు ముందు అది ఎంత నిలుస్తుందో గల్లీలో నడిచినవాళ్ళకు తెలుసు.

స్టెరాయిడ్ పూత విషమని మాత్రం అనుకోకూడదు. ఎగ్జిమాకూ సోరియాసిస్‌కూ చర్మవైద్యులే రాస్తారు. ఎంత బలమైనది, ఒంట్లో ఏ భాగానికి, ఎన్ని రోజులు అన్న మూడు లెక్కలు తెలిసి రాయడంలోనే తేడా. కనురెప్పకు పనికొచ్చేది అరికాలికి చాలదు. అరికాలిది కనురెప్ప మీద రాస్తే కంటికే ముప్పు. కొలతకూ ఒక పద్ధతుంది. ట్యూబు నుంచి చూపుడువేలి మొదటి గీత దాకా పిండిన పూత సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత మేర రాసుకోవడానికి సరిపోతుంది. మెరిసేలా పూయడం వల్ల ఫలితం పెరగదు.

తామరకు డాక్టర్లు చెప్పే వైద్యం వినడానికి విసుగ్గా ఉంటుంది. మచ్చ కంటే రెండు వేళ్ళ మేర బయటిదాకా రాయాలి. కనబడకుండా పోయాక కూడా కొన్ని వారాలు ఆపకూడదు. అవసరమైతే గోళీలు వేసుకోవాలి. ఇంట్లో దురదున్న వాళ్ళందరూ ఒకేసారి మందు మొదలుపెట్టాలి. లోదుస్తులు విడిగా ఉతికి ఎండలో ఆరేయాలి. వారం వాడి “తగ్గింది” అని మానేసిన తామర మళ్ళీ వచ్చేది అందుకే. పిల్లల తలలో తామర అయితే పూతలకు అసలే లొంగదు, లోపలికి మందు పడాలి. అది కొందరు పిల్లల్లో మెత్తని చీముగడ్డలా ఉబ్బుతుంది. సెగ్గడ్డ అనుకుని కోయించేస్తారు. జుట్టు శాశ్వతంగా పోయే ప్రమాదం అక్కడే ఉంది.

గజ్జిది వేరే కథ. అది కంటికి ఆననంత చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వడం వల్ల వస్తుంది. పెర్మెత్రిన్ పూతను మెడ నుంచి అరికాళ్ళ దాకా, దురదలేని చోట కూడా, రాత్రి రాసి పొద్దున కడుక్కోవాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ అదే రాత్రి రాసుకోవాలి. ఎనిమిది మందున్న ఇంట్లో ఏడుగురు రాసుకుని, “నాకేం లేదు” అని తాతగారు తప్పుకుంటే గజ్జి ఆయన దగ్గర తలదాచుకుని తిరిగొస్తుంది. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుందని ముందే చెప్పని డాక్టరు దగ్గరికి రోగి మళ్ళీ రాడు, వేరే ట్యూబు దగ్గరికి పోతాడు.

మచ్చంటే భయం

తెల్లమచ్చ కనబడగానే తెలుగింట్లోనైనా ఉర్దూ ఇంట్లోనైనా మొదట పుట్టేది ఒకటే భయం. ఇది బొల్లా, పెద్దరోగమనే కుష్ఠా? ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. బొల్లి అంటుకోదు. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరపు రక్షణ వ్యవస్థే పొరపాటున చంపుకోవడం వల్ల వస్తుంది. ఆ మచ్చ పాలతెలుపుగా ఉంటుంది, గిల్లితే నొప్పి తెలుస్తుంది. కుష్ఠు మచ్చ పూర్తిగా తెల్లబడదు, పాలిపోయినట్టో రాగిరంగులోనో ఉంటుంది. అసలు గుర్తు ఏమిటంటే అక్కడ స్పర్శ తగ్గుతుంది. దూది తాకించినా తెలియదు, వెంట్రుకలు రాలతాయి, చెమట పట్టదు. స్పర్శలేని ఏ మచ్చయినా ఆలస్యం చేయకుండా చూపించాల్సిందే.

కుష్ఠు క్రిమిని నార్వేలో హాన్సెన్ 1873లో కనిపెట్టారు. నిజాం రాజ్యంలో దీని చికిత్సకు పేరుపడ్డ చోటు నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి. స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో అక్కడ ఆసుపత్రి పెట్టారు. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చి నిలబెట్టారు. అప్పట్లో చాల్‌మోగ్రా గింజల నూనె సూదులే దిక్కు. హైదరాబాదులో రాణి కుముదినీదేవి 1958లో కూకట్‌పల్లి వైపు శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించారు. తర్వాత ఆమె నగరానికి మేయరు కూడా అయ్యారు. 1980ల్లో రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చాక పరిస్థితి మారిపోయింది. మచ్చల తీరును బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే జబ్బు పోతుంది. మందులు ప్రభుత్వ దవాఖానల్లో ఉచితం. మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇతరులకు సోకడం ఆగిపోతుంది. 2005 చివరికి దేశంలో రోగుల సంఖ్య పదివేలకు ఒకటి కంటే తగ్గిందని ప్రకటించారు. తగ్గింది, పోలేదు. కొత్త కేసులు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు మన చట్టాల్లో 2019 దాకా ఉందంటే, మందు కంటే భయం ఎంత నిదానంగా కదులుతుందో తెలుస్తుంది.

బొల్లికి హైదరాబాదులో జనం తట్టే తలుపుల్లో యునానీది పెద్దది. చార్మినార్ పక్కనే ఏడో నిజాం కాలపు ప్రభుత్వ నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది. ఎర్రగడ్డలోని కేంద్ర యునానీ పరిశోధన సంస్థ బొల్లి చికిత్సకే పేరు తెచ్చుకుని, ఇప్పుడు చర్మవ్యాధుల జాతీయ సంస్థగా నడుస్తోంది. బొల్లిని యునానీలో ‘బర్స్’ అంటారు. ఆ వైద్యంలో బావంచాలకు పెద్ద స్థానం. ఆయుర్వేదంలోనూ అంతే. ఆ గింజల్లో ఉండే సోరాలెన్ ఎండ తగిలినప్పుడు చర్మం మీద పనిచేస్తుంది. ఆధునిక వైద్యం 20వ శతాబ్దంలో సోరాలెన్‌నే కొలతవేసి, అతినీలలోహిత కిరణాలతో కలిపి వాడింది. అంటే హకీం సాబ్ గింజా, స్కిన్ డాక్టరు దీపమూ ఒకే సూత్రం మీద నిలబడ్డాయి. కొలత తెలియకుండా అత్తారీ దుకాణంలో కొన్న గింజల్ని నూరి పూసుకుని మధ్యాహ్నపుటెండలో కూర్చున్నవాళ్ళు బొబ్బలతో వస్తారు. ఇప్పుడు చర్మవైద్యులు ఎక్కువగా వాడేది సోరాలెన్ అక్కర్లేని 311 నానోమీటర్ల కాంతి, దానితో పాటు టాక్రోలిమస్ లాంటి లేపనాలు. మచ్చలు ఏడాదికి పైగా పెరగకుండా ఆగితే రంగుకణాలను నాటే శస్త్రచికిత్స కూడా ఉంది.

పండుగలు, పనులు, పురుగులు

రంజాన్ రాత్రుల్లో లాడ్ బజార్ చుట్టూ, బోనాలకూ పెళ్ళిళ్ళకూ గౌలీపురా, లాల్‌దర్వాజా ఇళ్ళలో చేతులు పండని ఆడపిల్ల ఉండదు. రోట్లో నూరిన గోరింటాకు గంటలు తీసుకుని ఎర్రగా పండుతుంది, సాధారణంగా ఎవరికీ హాని చెయ్యదు. అరగంటలో నల్లగా పండే కోను అలాంటిది కాదు. దాన్లో జుట్టురంగుల్లో వాడే పారాఫినిలీన్ డయామీన్ ఉంటుంది. కొందరికి వారం తిరక్కుండా పువ్వూ తీగా ఎలా గీశారో అలాగే బొబ్బలు లేస్తాయి. బొబ్బలు మానుతాయి, పడకపోవడం మాత్రం జీవితాంతం ఉంటుంది. ఇరవయ్యేళ్ళ తర్వాత తలకో గడ్డానికో రంగు వేసుకున్నప్పుడు కళ్ళు మూసుకుపోయేలా ముఖం వాయడానికి ఆ పాత మెహందీయే కారణం కావచ్చు. స్టిక్కరు బొట్టుబిళ్ళల జిగురులోని ఒక రసాయనం కొందరికి నుదుటి మీద సరిగ్గా ఆ బిళ్ళంత తెల్లమచ్చను మిగులుస్తుంది. రబ్బరు చెప్పు పట్టీలతోనూ ఇదే జరుగుతుంది.

చేతిపనుల ముద్ర చేతుల మీదే పడుతుంది. లక్కను వేడిచేసి, ఆ వేడి మీదే వేళ్ళతో గాజుగా వంచేవాళ్ళకు కాలిన మచ్చలూ కాయలూ మామూలే. మేస్త్రీలకు సిమెంటులోని క్రోమియం పడక చేతులు పగిలి, దురదపెట్టి, తోలులా మొద్దుబారతాయి. ఇంటిపని చేసే ఆడవాళ్ళకు సబ్బుపొడి. ఈ జబ్బులకు మందు రాయడం తేలిక, పని మానమని చెప్పడం కష్టం. మంచి డాక్టరు తొడుగుల సంగతీ, పని చేసే పద్ధతి మార్చుకునే సంగతీ మాట్లాడతారు.

వానాకాలంలో తెల్లారి లేచేసరికి మెడ మీద గీత గీసినట్టు మంట, మధ్యలో చిన్న చీముపొక్కులు. ఇంట్లోవాళ్ళు సాలీడు పాకిందనో, అక్కి అనో అంటారు. చాలాసార్లు అది పెడెరస్ అనే చిన్న పురుగు పని. ట్యూబులైటు వెలుగుకు వచ్చి మీద వాలుతుంది, నిద్రలో మనమే నలిపేస్తాం, దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది. మీద వాలితే నలపకుండా ఊదెయ్యాలి, రసం తగిలితే వెంటనే సబ్బుతో కడగాలి. రెండు వారాల్లో దానంతట అది మానుతుంది.

అసలు అక్కికి కుమ్మరుల చేత జాజుతో బొమ్మలు రాయించుకోవడం తెలుగునాట పాత ఆచారం. జాజు చల్లగా ఉంటుందేమో గానీ వైరస్‌ను అది ఆపదు. చిన్నప్పుడు వచ్చిపోయిన ఆటలమ్మ వైరసే నరంలో దాక్కుని ఏళ్ళ తర్వాత అక్కిగా లేస్తుంది. పొక్కులు మొదలైన 72 గంటల్లోపు వైరస్ మందు పడితే ఎక్కువ మేలు. పెద్దవయసువాళ్ళకు అక్కి మానాక నెలల తరబడి వేధించే నరాల నొప్పిని తప్పించడానికే ఈ తొందరంతా. కంటి పక్కనో ముక్కు కొన మీదో లేస్తే ఆ రోజే కంటిడాక్టరు కూడా చూడాలి.

భీమవరం వాడి మందు

స్కిన్ డాక్టరు చీటీల్లో ఒక తెలుగువాడి చేతి గుర్తుందని చాలామందికి తెలియదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన పరిశోధన నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్, మెతోట్రెక్సేట్ వచ్చాయి. ఆయన 1948లో పోయారు. 1951లో అమినోప్టెరిన్ ఇచ్చిన కీళ్ళజబ్బు రోగుల్లో సోరియాసిస్ పొలుసులు కూడా తగ్గడం అమెరికా వైద్యులు గమనించారు. సోరియాసిస్‌లో చర్మకణం నెలకు చెయ్యాల్సిన ప్రయాణాన్ని వారంలోపే ముగిస్తుంది. ఆ పరుగునూ, దాన్ని తోలే రక్షణ వ్యవస్థనూ మెతోట్రెక్సేట్ నెమ్మదింపజేస్తుంది. కొత్త కొత్త సూదిమందులు లక్షల ధర పలుకుతున్న కాలంలోనూ ప్రభుత్వ దవాఖానలో సోరియాసిస్ ముదిరినవాళ్ళను మోస్తున్నది ఈ చవక గోళీయే.

ఒక హెచ్చరిక ఉంది. దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డాక్టర్లు ‘ఆదివారం’ అనో ‘జుమ్మా రోజు’ అనో చీటీ మీద పెద్దక్షరాలతో రాస్తారు. మిగతా రోజుల్లో ఫోలిక్ ఆమ్లం గోళీ ఇస్తారు. మందూ దాని కాపలా రెండూ ఒకే మనిషి బృందం నుంచి రావడం చిత్రమే. బలమైన మందుల్లో ఇంకోటి మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్. కడుపులో బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుంది కాబట్టి గర్భం రాకుండా జాగ్రత్త పడుతూ మాత్రమే వాడాలి, ఆపాక కనీసం నెల గడవాలి. స్నేహితురాలి చీటీ చూపించి కొనుక్కునే మందు కాదది.

ఎప్పుడు వెళ్ళాలి

చెమటకాయలకూ ఒకట్రెండు మొటిమలకూ చుండ్రుకూ పరుగెత్తనక్కర్లేదు. రెండు మూడు వారాల్లో తగ్గని దురద, పెరుగుతున్న మచ్చ, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తున్న పొక్కులు, నాణెమంత మేర జుట్టు ఊడిపోయే పేనుకొరుకుడు, మచ్చలు మిగిలిస్తున్న మొటిమలు ఉంటే వెళ్ళాలి. జ్వరం వచ్చిపోయిన రెండు మూడు నెలలకు జుట్టు దువ్వెన నిండా రాలడం చాలావరకు దానంతట అదే ఆగుతుంది. భయపడి వేలకు వేలు నూనెలకు పోసేకంటే ఒకసారి చూపించుకోవడం చవక. మనవాళ్ళలో చర్మ క్యాన్సరు తక్కువే. అయినా అరికాల్లో పెరుగుతున్న నల్లమచ్చనూ, గోరు కింద వెడల్పవుతున్న నల్లగీతనూ, పాత కాలినమచ్చ మీద మానని పుండునూ తేలిగ్గా తీసుకోకూడదు.

జననాంగాల దగ్గర పుండు, కురుపు, స్రావం ఉన్నప్పుడు చూడాల్సింది కూడా ఈ డాక్టరే. సిగ్గుతో గోడమీది ‘గుప్తరోగ’ ప్రకటనల దగ్గరికి పోతే డబ్బుతో పాటు కాలమూ పోతుంది. సవాయి (సిఫిలిస్) పుండు నొప్పి లేకుండా వచ్చి దానంతట అదే మానుతుంది, జబ్బు మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. మొదట్లోనే పట్టుకుంటే పెన్సిలిన్ సూదితో పోతుంది.

కొన్నింటికి అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు, ఎమర్జెన్సీకే పోవాలి. కొత్త మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకో వారాలకో జ్వరంతో ఒళ్ళు ఎర్రబడి, నోట్లో పుండ్లు పడి, కళ్ళు మండి, చర్మం కాలినట్టు ఊడుతుంటే అది ప్రాణాపాయం. ఫిట్స్ మందుల్లో కార్బమజెపిన్, ఫెనిటాయిన్, యూరిక్ ఆసిడ్‌కు ఇచ్చే అల్లోపురినాల్, సల్ఫా మందులు ఇందుకు తరచు కారణాలు. దద్దుర్లతో పాటు పెదాలూ నాలుకా వాచి ఊపిరి ఆడకపోతే నిమిషాలే లెక్క. జ్వరంలో ఒళ్ళంతా నొక్కినా పోని ఊదారంగు చుక్కలు లేచినా అంతే.

అందం పేరుతో నడిచే క్లినిక్కులు ఇంకో లోకం. లేజరు, పీల్, జుట్టునాటు చర్మవైద్యంలో భాగాలే. కానీ బోర్డు మీద ‘స్కిన్’ అని రాసినచోటల్లా చర్మవైద్యుడు ఉంటాడనుకోకూడదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ జుట్టునాటు శిక్షణ పొందిన వైద్యులే చెయ్యాలని మార్గదర్శకాలిచ్చింది. డిగ్రీ ఏమిటో, రాష్ట్ర వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగడం మర్యాద తప్పడమేమీ కాదు. తెల్లబడటానికని ఎక్కించే గ్లూటాథయోన్ సూదులకు గట్టి ఆధారం లేదు. నల్లదనం జబ్బు కాదన్న మాట చర్మవైద్యులే ఇంకాస్త గట్టిగా చెబితే బావుండును.

ఎక్కడికి, ఎలా

2018 నుంచి గల్లీల్లోకి వచ్చిన బస్తీ దవాఖానల్లో ఎంబీబీఎస్ డాక్టరుంటారు. మామూలు గజ్జీ తామరా అక్కడే చూపించుకోవచ్చు, తగ్గకపోతే పెద్దాసుపత్రికి రాసిస్తారు. పాతబస్తీ జనానికి పెద్దాసుపత్రి అంటే నయాపూల్ దాటగానే అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఉస్మానియా. 2020 జులై వానలకు దాని పాతభవనంలోకి నీళ్ళొచ్చి రోగుల్ని అక్కణ్ణుంచి మార్చాల్సి వచ్చింది గానీ, ఆసుపత్రి ఆగలేదు. చర్మ విభాగం ఓపీకి పొద్దున్నే వెళ్ళి చిట్టీ రాయించుకోవాలి. శాలిబండ వైపు ప్రిన్సెస్ ఎస్రా ఆసుపత్రి, కంచన్‌బాగ్‌లో దక్కన్ వైద్య కళాశాలకు చెందిన ఒవైసీ ఆసుపత్రి కూడా ఉన్నాయి.

వెళ్ళేముందు మచ్చ మీద పసుపూ పౌడరూ మేకప్పూ ఏదీ ఉండకూడదు. దద్దుర్లలా వచ్చిపోయేవైతే వచ్చినప్పుడే ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. ఆడడాక్టరే చూడాలనుకుంటే చిట్టీ దగ్గరే అడగొచ్చు. బీపీకీ షుగరుకీ వేసుకునే గోళీల పేర్లు, హకీం సాబ్ ఇచ్చిన పొడి, పార్లరు క్రీము డబ్బా అన్నీ ఒక కవర్లో వేసుకుని పోవాలి. ఆఖరి చుక్క దాకా పిండి, చుట్టచుట్టి బాత్రూము అరలో పడేసిన ట్యూబును కూడా మరిచిపోకూడదు. డాక్టరు ముందుగా విప్పి, మడతలు సాపుచేసి చదివేది దాని మీది పేరునే.